ఇంట్యూషనిస్టిక్ లాజిక్ తేల్చే ఆట: కాగితం, పెన్ను చాలు

ఒక ఫార్ములా ఇంట్యూషనిస్టిక్ లాజిక్‌లో ('క లేదా క కాదు' ఎప్పుడూ నిజమేనని ఒప్పుకోని తర్కం) నిలుస్తుందో లేదో చూడాలంటే నేరుగా క్రిప్కె మోడల్స్ (ఆ లాజిక్‌లో ఫార్ములాల్ని పరీక్షించే గణిత నమూనాలు) జోలికి వెళ్లక్కర్లేదు. కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు వాది, ఇంకోవైపు ప్రతివాది అని రాసుకుని ఇద్దరి తరఫునా మీరే ఆడండి. 1950ల చివర్లో జర్మన్ తర్కవేత్త పాల్ లొరెంజెన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది, కునో లొరెంజ్ తర్వాత రూల్స్ బిగించాడు.

వాది ఫార్ములా చెప్తాడు, ప్రతివాది నిలదీస్తాడు. 'మరియు' ఉంటే ఏ సగం చూపించాలో నిలదీసేవాడి ఇష్టం, 'లేదా' ఉంటే చెప్పినవాడి ఇష్టం. 'క అయితే చ' అన్నవాణ్ణి నిలదీయాలంటే ఎదుటివాడు ముందు తానే 'క' అనాలి, అప్పుడు చెప్పినవాడు 'చ' అనాలి. 'క కాదు' అంటే ఎదుటివాడు 'క' అంటాడు, దానికి జవాబంటూ ఉండదు, తిరిగి నిలదీయడమే దారి. ఇవి ఇద్దరికీ సమానం. వాదికి మాత్రం ఒక కట్టడి ఉంది: క, చ లాంటి విడి వాక్యాన్ని ప్రతివాది ముందే అని ఉంటేనే తను అనాలి. ప్రతివాది వాది మాట ఒక్కోదాన్ని ఒక్కసారే నిలదీయొచ్చు (ఇది పెట్టుకోకపోతే ఆట తెమలదు). ఎత్తు మిగలనివాడు ఓడినట్టు.

అసలు కిటుకు జవాబుల దగ్గరుంది. జవాబివ్వని ప్రశ్నల్లో (అంటే నిలదీతల్లో) చివరిదానికే, అదీ ఒక్కసారే వాది జవాబివ్వాలంటే అది ఇంట్యూషనిస్టిక్. పాతవాటికి ఎప్పుడైనా, మళ్లీ మళ్లీ ఇవ్వొచ్చంటే క్లాసికల్, అంటే మామూలు లాజిక్. తక్కినదేమీ మారదు!

'క లేదా క కాదు' ఆడి చూడండి. "ఏది?" అంటాడు ప్రతివాది. 'క' అనే వీల్లేదు కాబట్టి వాది 'క కాదు' అంటాడు. ప్రతివాది 'క' అని నిలదీస్తాడు. క్లాసికల్‌లో వాది వెంటనే పాత "ఏది?" దగ్గరికి వెళ్లి, ఈసారి 'క' అనేసి గెలుస్తాడు. ఇంట్యూషనిస్టిక్‌లో ఆ తలుపు మూసేశారు, ఓడిపోతాడు.

ఇప్పుడు అదే ఫార్ములా మొత్తానికి చివర రెండు 'కాదు'లు తగిలించండి: '((క లేదా క కాదు) కాదు) కాదు', సరదా అక్కడుంది. వాది దాన్ని చెప్పగానే ప్రతివాది "(క లేదా క కాదు) కాదు" అని ఒప్పుకోక తప్పదు. వాది ఆ మాటను 'క లేదా క కాదు' అంటూ నిలదీస్తాడు, కథ పైలాగే నడిచి ప్రతివాది నోటి నుంచి 'క' వస్తుంది. వాది "(క లేదా క కాదు) కాదు" అన్న ఆ మాటనే ఇంకోసారి నిలదీయొచ్చు (ఒక్కసారే అన్న కట్టడి ప్రతివాదికే), ఆ పని చేస్తే "ఏది?" అని కొత్త ప్రశ్న పడుతుంది, చివరి ప్రశ్న అదే కాబట్టి దర్జాగా 'క' అంటాడు. ఇంట్యూషనిస్టిక్‌లోనూ గెలుపే.

ఒక్క ఆట గెలిస్తే చాలదు, ప్రతివాది ఏ దారి పట్టినా వాది గెలవాలి. అందుకే ప్రతివాదికి ఎంపిక దొరికిన ప్రతిచోటా కొమ్మ చీల్చి వేరే కాగితం మీద కొనసాగించండి, వాదికి ఎంపిక ఉన్నచోట మాత్రం పనికొచ్చే ఎత్తు ఒక్కటి దొరికితే సరిపోతుంది.