శాఖా గ్రంథాలయంలో ఊరి సంఘాల రిజిస్టరు పెట్టుకోవడం ఎలా?

ఒంటరి మహిళ పింఛనుకు ఎవరిని కలవాలి, ఓ నెగటివ్ రక్తం ఎవరిస్తారు, కోర్టు నోటీసు ఎవరికి చూపించాలి? ఇవన్నీ మన పేపర్ల బల్ల దగ్గరికే వస్తాయి. సాయం చేసే సంఘాలేమో ఊళ్లోనే ఉంటాయి. జనం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. వాళ్లకు దారి చూపడం కూడా మన ఉద్యోగమేనని లైబ్రేరియన్‌గా నా గట్టి నమ్మకం.

ఒక పొడుగు రిజిస్టరు తీసుకోండి. సంఘం పేరొక్కటే రాస్తే లాభం లేదు. ఫోను ఎత్తే మనిషి ఎవరు, ఏ వేళ దొరుకుతారు, ఏ పని చేస్తారు, ఏది చేయరు, వెంట ఏ కాగితాలు తీసుకెళ్లాలి, అన్నిటికీ గడులు గీయండి. 'ఏది చేయరు' అన్న గడి వదలొద్దు. ఎండలో నడిచి వెళ్లి "ఇది మా పని కాదమ్మా" అనిపించుకున్న మనిషి మళ్లీ మన గడప తొక్కదు.

వివరాలకు మీరే వెళ్లండి. 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు మనవాళ్లు. మనం నాలుగు వీధులు తిరగలేమా? పట్టణంలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీని, అంటే రిసోర్స్ పర్సన్‌ని, పల్లెలో పొదుపు సంఘాల యానిమేటర్‌ని ముందు కలవండి. గడపగడపా వాళ్లకు తెలుసు. తర్వాత రక్తదాతలు, పింఛనుదారులు, దివ్యాంగుల సంఘాలు. నంబరు రాసుకునే ముందు వాళ్ల అనుమతి అడగండి.

న్యాయ సేవాధికార సంస్థను మాత్రం మర్చిపోకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు. అది తెలియక అప్పు తెచ్చి ఫీజు కట్టేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. నోటీసు బోర్డు మీద వాళ్ల హెల్ప్‌లైన్ నంబరు 15100 పెద్దగా రాయండి. దాని కింద వృద్ధులకు 14567, పిల్లలకు 1098, మహిళలకు 181.

అడిగిన మనిషిని పక్కకు పిలిచి మాట్లాడండి, నలుగురిలో వద్దు. ఆమె ఎదుటే ఫోను చేసి "ఫలానా పని మీద ఒకావిడ వస్తున్నారు" అని చెప్పండి. కలవాల్సిన వాళ్ల పేరు, వేళ, కాగితాలు చీటీ మీద రాసివ్వండి. చదువు రాకపోతే బస్సు ఎక్కడ దిగాలో, పక్కన ఏ కొట్టు ఉందో గుర్తులు చెప్పండి. మళ్లీ కనిపించినప్పుడు పనైందో లేదో అడగండి. రిజిస్టరులో ఆమె పేరు ఎక్కించొద్దు.

నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ సంఘాలకు తలో బల్ల వేయండి. పార్టీ ప్రచారాలకు, సరుకుల అమ్మకాలకు చోటివ్వొద్దు.

మూడు నెలలకోసారి ప్రతి నంబరుకూ ఫోను చేయండి. పలకనిదాన్ని ఎర్ర సిరాతో కొట్టేయండి. కొత్త నంబరు దొరికేదాకా ఎవరినీ అటు పంపకండి.