ఉప్పునీటి తీరంలో టాప్‌వాటర్ లూర్‌తో చేపను పట్టడం ఎలా?

టెక్సస్‌లోని గాల్వెస్టన్ దీవి వెనుక ఉన్న వెస్ట్ బేలో, మే నెల తెల్లవారుజామున, తొడలోతు నీళ్లలో నిలబడి నీటిమీద తేలే లూర్‌ను, అంటే చేపను మోసగించే కృత్రిమ ఎరను, విసిరే ఒక మనిషిని కాసేపు గమనించండి. చేప నీళ్లను చీల్చుకొని లూర్ మీదికి లేస్తుంది, ఆ చప్పుడుకు ఆయన ఉలిక్కిపడి కర్రను వెనక్కి గుంజుతాడు, లూర్ గాలిలో ఎగిరి ఆయన టోపీ పక్కనుంచి దూసుకుపోతుంది. ఆ తరువాత ఆయన పక్కవారితో "చేపలు సరిగా అందుకోవడం లేదు" అంటాడు. హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువారిలో గాలం సరదా ఉన్నవారు చాలామంది నాతో ఈ నీళ్లకు వచ్చారు, వారిలో మొదటి ఉదయం ఈ పని చేయని మనిషిని నేను ఇంకా చూడలేదు. ఈ వ్యాసంలో సామగ్రి గురించి, వేళ గురించి త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అవి ఎవరికైనా ఒక పూటలో అబ్బుతాయి. చేప లేచిన తరువాతి రెండు క్షణాల గురించి మాత్రం ఓపికగా చదవమని కోరుతున్నాను.

సామగ్రి

ఏడు అడుగుల మీడియం లైట్ కర్ర, 2500 లేదా 3000 సైజు స్పిన్నింగ్ రీలు, 20 పౌండ్ల అల్లిక దారం, దాని చివర, లూర్‌కు ముందు, రెండు అడుగుల మోనో లీడర్ (ఒంటిపోగు నైలాన్ దారం ముక్క) ఉంటే చాలు. లీడర్‌కు ఫ్లోరోకార్బన్ వాడవద్దు. అది నీటిలో మునిగే దారం కనుక లూర్ ముక్కును కిందికి లాగి, దాని నడకను పాడుచేస్తుంది. లూర్‌ను బిగుతు ముడితో కట్టకూడదు, అది అటూ ఇటూ స్వేచ్ఛగా తిరగడానికి వీలుగా లూప్ ముడి వేయాలి.

లూర్ విషయంలో దుకాణంలో గంట నిలబడవలసిన అవసరం లేదు. మిషిగన్ రాష్ట్రానికి చెందిన హెడన్ కంపెనీ 1939లో తెచ్చిన జారా స్పూక్ వంశంలోనిదే సూపర్ స్పూక్ జూనియర్, మూడున్నర అంగుళాల పొడవు, అర ఔన్సు బరువు. దానిని కొనండి. కెరటాలు కాస్త ఎక్కువగా ఉన్న రోజుకు గట్టిగా గలగలలాడే మిర్రొల్యూర్ షీ డాగ్ ఒకటి ఉంచుకోండి. రంగు ఎముక తెలుపు. టెక్సస్‌లో గులాబీ రంగుకు భక్తులు ఉన్నారని నాకు తెలుసు, కాని చేప కింది నుంచి ఆకాశానికి ఎదురుగా చూసేటప్పుడు దానికి కనిపించేది నీడే తప్ప గులాబీ కాదు.

ఒక్క మార్పు మాత్రం తప్పనిసరి. లూర్‌తో వచ్చే మూడు ముళ్ల కొక్కేలను తీసివేసి, వాటి స్థానంలో ఒంటి కొక్కేలు వేసి, వాటి ఎదురుముల్లును పట్టకారుతో నొక్కివేయాలి. దీనికి కారణం తరువాత చెబుతాను. నల్ల కళ్లద్దాలు లేకుండా నీళ్లలోకి దిగవద్దు. టెక్సస్ చేపల లైసెన్సుతోపాటు ఉప్పునీటి అనుమతి కూడా ఉండాలి.

చోటు, వేళ

ఇక్కడ మనం వెతికేది రెండు చేపలను. ఒకటి చుక్కల ట్రౌట్, రెండోది తోక దగ్గర నల్ల మచ్చ ఉండే రెడ్‌ఫిష్. పేరు ట్రౌట్ అయినా అది కొండవాగుల ట్రౌట్ జాతి కాదు. రెండూ మన తీరంలోని గొరకల కుటుంబానికి చెందినవే. ఇవి రెండూ వేటాడే చేప ముల్లెట్, గోదావరి జిల్లాలవారు కొయ్యింగ అనేది ఆ వర్గపు చేపనే. అందువల్ల మనం చేసే పని అంతా, గుంపు నుంచి తప్పిపోయి దెబ్బతిన్న కొయ్యింగలాగా ఒక ప్లాస్టిక్ ముక్కను నడిపించడమే.

నీటి అడుగున గడ్డి ఉన్నచోట గానీ, ఆల్చిప్పల దిబ్బల అంచున గానీ, రెండు నుంచి నాలుగు అడుగుల లోతులో వెతకండి. నీరు కనీసం 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, అంటే 21 సెల్సియస్. సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టి, ఎండ ముదిరేదాకా విసరవచ్చు. మబ్బు పట్టిన రోజైతే ఇంకా ఎక్కువసేపు సాగుతుంది. పోటో పాటో, నీరు ఏదో ఒకవైపు కదులుతూ ఉండాలి. ఈ తీరంలో పోటు ఎత్తు తక్కువ. కాబట్టి చాలా రోజులు చంద్రుడికంటే గాలే నీటిని ఎక్కువగా జరుపుతుంది. ఆటుపోట్ల పట్టికతోపాటు గాలి దిశ కూడా చూసుకొని బయలుదేరండి.

ముల్లెట్ ఎగిరిందని పరుగెత్తేవారు ఎక్కువ. ఒంటరిగా, తీరికగా, రెండు మూడు సార్లు ఎగిరి పడే ముల్లెట్‌కు అర్థం ఏమీ లేదు. పది ఇరవై ముల్లెట్లు ఒక్కసారిగా, ఒకే దిశలో, ఎవరో గుప్పెడు గులకరాళ్లు విసిరినట్లు చెదిరితే వాటి కింద వేటగాడు ఉన్నట్లు. అటువైపు నడవండి, కాని పాదాలు ఎత్తి వేయవద్దు, ఇసుకలో ఈడుస్తూ వెళ్లండి. అడుగున పడుకొని ఉన్న టేకు చేప పాదం రాపిడికి పక్కకు తప్పుకుంటుంది, మీద కాలు వేస్తే మాత్రం తోకముల్లుతో పొడుస్తుంది. కాళ్లమీద మానని పుండు గానీ కొత్త గాయం గానీ ఉన్నవారు వేసవిలో ఈ నీళ్లలోకి అసలు దిగరాదు, వెచ్చని ఉప్పునీటిలో ఉండే విబ్రియో బ్యాక్టీరియా ప్రాణాల మీదికి తెస్తుంది. దీవి పడమటి కొసన బే సముద్రంలో కలిసే శాన్ లూయిస్ పాస్ దగ్గర ప్రవాహం మనిషిని లాక్కుపోగలదు కనుక, ఎంత మంచి చేపలు ఉన్నాయని విన్నా అక్కడ నీళ్లలో నడవవద్దు.

లూర్‌ను నడిపించడం

చెదిరిన గుంపు మధ్యలోకి కాకుండా దాని అవతలి అంచుకు విసరండి. లూర్ పడగానే లాగవద్దు, దాని చుట్టూ లేచిన వలయాలు సద్దుమణిగేవరకు ఆగండి. తరువాత కర్ర కొనను నీటివైపు దించి, మణికట్టుతో చిన్నగా ఒక కుదుపు ఇచ్చి, వెంటనే కొనను తిరిగి ముందుకు వదలండి. ఇక్కడివారు వాకింగ్ ద డాగ్ అని పిలిచే నడక ఇదే. లూర్ ముక్కు ఒక కుదుపుకు ఎడమకు, మరో కుదుపుకు కుడికి తిరుగుతూ జిగ్‌జాగ్‌గా రావాలి.

కొత్తవారు కుదుపు ఇవ్వడం నేర్చుకుంటారు గానీ వదలడం నేర్చుకోరు. చల్ల చిలికేటప్పుడు కవ్వం తాడును ఒక చేయి లాగితే రెండో చేయి వదులుతుంది. రెండు చేతులూ ఒకేసారి లాగితే కవ్వం కదలదు. ఇక్కడా అంతే, కుదుపు తరువాత దారం వదులుగా ఉంటేనే లూర్‌కు పక్కకు జారే స్వేచ్ఛ దొరుకుతుంది. దారం బిగువుగా ఉంటే అది తాడు కట్టిన కట్టెపేడులాగా తిన్నగా మీవైపు వస్తుంది. రీలు పిడిని రెండు కుదుపులకు ఒకసారి తిప్పి, మిగిలిన వదులును మాత్రమే చుట్టుకోవాలి. సెకనుకు రెండు కుదుపుల వేగం సరిపోతుంది. ఇంటి దగ్గరి చెరువులో అరగంట సాధన చేస్తే ఈ లయ చేతికి వస్తుంది, అలా రాకుండా సముద్రానికి రావద్దు.

చేప లేచినప్పుడు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. లూర్ నడుస్తూ ఉండగా దాని కింద నీరు ఉబ్బి, తరువాత బకెట్ నీళ్లు ఎత్తిపోసినంత చప్పుడుతో విచ్చుకుంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడు మీరు చేయవలసిన పని ఒక్కటే, అంతకుముందు ఏ లయలో లూర్‌ను నడిపిస్తున్నారో అదే లయలో నడిపిస్తూ ఉండడం. కర్రను లాగకూడదు, ఆపకూడదు, వేగం పెంచకూడదు.

దీనికి కారణం చేప నోటిలో ఉంది. రెడ్‌ఫిష్ నోరు మూతికి కింది భాగాన ఉంటుంది, అడుగున పీతలను, రొయ్యలను ఏరుకొని తినడానికి ఏర్పడిన నోరు అది. నీటిమీద ఉన్నదానిని పట్టాలంటే ఆ చేప తలను పైకి ఎత్తి లూర్ మీదికి ఎక్కాలి. ఆ ప్రయత్నంలో దాని ముక్కు తోసే నీరే చాలాసార్లు లూర్‌ను పక్కకు నెట్టివేస్తుంది. ట్రౌట్ నోరు అందుకు తగినట్లే ఉన్నా, అది కూడా చాలాసార్లు మొదటి దెబ్బకు లూర్‌ను కొట్టి, తరువాత వెనుదిరిగి వచ్చి అందుకుంటుంది. అంటే మీరు విన్న చప్పుడు చేప గాలానికి చిక్కిన చప్పుడు కాదు, అది ప్రయత్నించిన చప్పుడు. ఆ క్షణంలో మీరు గుంజితే లూర్ దాని ముందునుంచి ఆరు అడుగుల దూరం ఎగిరిపోతుంది, దెబ్బతిన్న కొయ్యింగ అలా ఎగరదని చేపకు తెలుసు. అదే లయలో నడిపిస్తే అది మళ్లీ లేస్తుంది. ఒకే విసురులో మూడుసార్లు, నాలుగుసార్లు లేచి చివరికి చిక్కిన చేపలు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి.

చేప తప్పిన వెంటనే లూర్‌ను ఆపి నిలబెట్టాలని చెప్పేవారు కొందరు ఉన్నారు. వారి మాట వినవద్దు. ప్రాణభయంతో పారిపోతున్నది హఠాత్తుగా నిలబడి ఆలోచించదు. రెండో కర్రకు రబ్బరు లూర్ కట్టుకొని తిరుగుతూ, చేప తప్పగానే అక్కడ దానిని వేయమనేవారు కూడా ఉన్నారు. ఆ పద్ధతి పనిచేస్తుందని ఒప్పుకుంటాను, కాని తొడలోతు నీళ్లలో రెండు కర్రలు మోస్తూ చేపను వెంటాడేకంటే ఉన్న కర్రను సరిగా పట్టుకోవడం సులువు.

మరి చేప చిక్కిందని ఎలా తెలుస్తుంది? బరువు వల్ల తెలుస్తుంది. చెవిని నమ్మవద్దు, కంటినీ నమ్మవద్దు, మణికట్టును నమ్మండి. కుదుపు ఇవ్వబోతే లూర్ రాదు, దారం పక్కకు సాగుతుంది, కర్ర కొన తనంతట తాను వంగుతుంది. అప్పుడు కూడా పైకి గుంజవద్దు. రీలును రెండు చుట్లు తిప్పి దారం బిగువు చేసి, కర్రను నీటికి సమాంతరంగా, పక్కకు, తలుపు తెరిచినంత నెమ్మదిగా తిప్పండి. అల్లిక దారం సాగదు కనుక ఆ కొద్దిపాటి కదలికే కొక్కెం దిగడానికి చాలు. ట్రౌట్ నోటి చర్మం పలుచన. బలంగా లాగితే కొక్కెం చీల్చుకొని బయటికి వచ్చేస్తుంది, అందువల్ల రీలు డ్రాగ్‌ను (చేప లాగినప్పుడు దారాన్ని పట్టి ఉంచే బిగింపును) కూడా కాస్త వదులుగానే ఉంచాలి.

ఇదంతా చదివి తల ఊపడం సులువే గాని, నీటి దగ్గర శరీరం మాట వినదు. నాకు మొదటి ఏడాది అంతా పట్టింది. ఒక జూన్ ఉదయం పెద్ద ట్రౌట్ ఒకటి లేచినప్పుడు నేను బలమంతా పెట్టి గుంజితే, లూర్ నేరుగా వెనక్కి వచ్చి దాని మూడు ముళ్ల కొక్కెం నా ముంజేతిలో దిగింది. రెండో కొక్కెం చొక్కాకు తగులుకుంది, ఒంటిచేత్తో కారు నడుపుకుంటూ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఒంటి కొక్కేలు తప్పనిసరి అని ముందు చెప్పింది ఇందుకే. వాటివల్ల చేపలు ఎక్కువగా జారిపోతాయని అనేవారిలో ఎక్కువమంది, కొక్కెం దిగకముందే గుంజి పోగొట్టుకున్న చేపలను కూడా ఆ లెక్కలో వేస్తున్నారు.

అలవాటు మాన్పడానికి నాకు పనికొచ్చిన ఉపాయం, లూర్‌ను చూడకపోవడం. విసిరి, నడక సరిగా ఉందని రెండు క్షణాలు చూసి, తరువాత చూపును కర్ర కొనమీదికి తెచ్చుకోండి. కొన కదలికే మీకు కావలసిన సమాచారం అంతా ఇస్తుంది. తెల్లవారకముందు చీకటిలో, లేదా కెరటాల హోరులో చప్పుడు సరిగా వినబడని రోజున, నాతో వచ్చిన కొత్తవారికి చిక్కే చేపలు ఎక్కువగా ఉండడం నేను చాలాసార్లు చూశాను. వారికి ఉలిక్కిపడే అవకాశం లేకపోవడం తప్ప దానికి వేరే కారణం నాకు తోచలేదు.

బతికిన రొయ్యను బెండు కింద వేలాడదీసేవారికి ఈ బాధ ఏదీ లేదని మీరు అనవచ్చు, నిజమే. అయితే వారు ఉదయమంతా గట్టితల క్యాట్‌ఫిష్‌లను, అరచేయంత కూడా లేని చిన్న చేపలను కొక్కెం నుంచి విప్పుతూ గడుపుతారు. మూడున్నర అంగుళాల లూర్ మీదికి ఆ చిన్నవి లేవవు.

చేప చేతికి వచ్చాక

చేపను తొందరపెట్టి లాగవద్దు, అది అలసి పక్కకు ఒరిగాక వలతో గానీ, పెదవిని పట్టే పట్టకారుతో గానీ పట్టుకోండి. లూర్‌కు ఇంకో కొక్కెం ఖాళీగా వేలాడుతూ ఉంటుందని మరువకండి. వదిలేయదలచిన చేపను తడి చేతితోనే తాకాలి. టెక్సస్‌లో 2024 నుంచి ట్రౌట్ పరిమితి రోజుకు 3, పొడవు 15 నుంచి 20 అంగుళాలు. రెడ్‌ఫిష్ కూడా రోజుకు 3, పొడవు 20 నుంచి 28 అంగుళాలు. అంతకుమించి పెద్దవాటికి ప్రత్యేక ట్యాగ్ నియమాలు ఉన్నాయి, అవి మారుతూ ఉంటాయి కనుక ప్రతి సెప్టెంబరులో కొత్త లైసెన్సు తీసుకునేటప్పుడు ఒకసారి చదువుకోండి. ఇంటికి తీసుకువెళ్లేవారికి ఒక మాట, ట్రౌట్ మాంసం మెత్తన, వేపుడుకు బాగుంటుంది గాని పులుసులో చెదిరిపోతుంది. పులుసుకు రెడ్‌ఫిష్ తీసుకోండి.

ట్రౌట్ చిక్కితే అక్కడినుంచి కదలవద్దు, అవి గుంపుగా తిరుగుతాయి, అదే దిశలో అదే దూరానికి మళ్లీ విసరండి. ఇంటికి చేరాక లూర్‌ను మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే పెట్టెలో పెట్టాలి. ఉప్పు తడితో ఒక్కదానిని లోపల పడేస్తే, వారం తరువాత పెట్టెలోని కొక్కేలన్నీ తుప్పు పట్టి ఉంటాయి.