రొమ్ము క్యాన్సర్ అని తేలాక ఆరోగ్యశ్రీకి దరఖాస్తు ఎలా చేసుకోవాలి?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కోసం ఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. దరఖాస్తు ఆసుపత్రిలోనే జరుగుతుంది. రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని పథకం వర్తించే ఆసుపత్రికి వెళ్లి ఆరోగ్యమిత్ర (పథకం పనులు చూసే ఉద్యోగి) కౌంటర్‌లో చూపిస్తే పేరు నమోదు చేసుకుంటారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ రెండిట్లోనూ క్యాన్సర్‌కు ఈ పథకం ఉంది. మీకు దగ్గర్లో ఇంకెక్కడ ఉందో 104కి ఫోన్ చేస్తే చెబుతారు. 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వర్తిస్తుంది.

జాగ్రత్త పడాల్సింది ఆ తర్వాతే. అనుమతి జబ్బు పేరు మీద రాదు, చేయబోయే చికిత్స మీద వస్తుంది. ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు వేర్వేరుగా పంపుతారు. అందుకే ఏది ముందో తేలాకే కాగితాలు కదలాలి. టెన్షన్‌లో ఇంట్లోవాళ్లు "ముందు ఆ గడ్డ తీసేయండి డాక్టర్‌గారూ" అంటారు. ఆ భయం ఎవరికైనా సహజమే. కానీ బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టుతో పాటు, అదే ముక్క మీద చేసే ఐహెచ్‌సీ పరీక్ష రిపోర్టు కూడా చేతికి రానివ్వండి. అందులో ఈఆర్, పీఆర్ (హార్మోన్లకు స్పందించే గుర్తులు), హెర్2 (క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్) అనే మూడింటికీ ఫలితం ఉంటుంది. హెర్2 ఎదురుగా 2+ అని ఉంటే ఇంకా తేలనట్టే, ఫిష్ అనే మరో పరీక్ష చేయాలి. ఈ ఫలితాలను, గడ్డ సైజును బట్టి కొందరికి ముందు కీమో ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేస్తారు.

రొమ్ము మొత్తం తీయాలా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుందా అని తప్పకుండా అడగండి. తొలి దశలో రెండో పద్ధతికి వీలున్నవాళ్లు ప్రాణం గురించి భయపడి మొత్తం తీయించుకోనక్కర్లేదు, బతికే అవకాశం రెండిట్లోనూ ఒకటే. కీమో వల్ల పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినవచ్చు, అందుకే ముందుముందు పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ సంగతి కీమో మొదలుకాకముందే చెప్పాలి. ఈ మాటలు వరండాలో భర్తతోనో కొడుకుతోనో తేల్చేసేవి కావు. ఒళ్లు ఆమెది, ఆమె ఎదుటే మాట్లాడాలి.

చికిత్స ఖాయమయ్యాక రిపోర్టులు, డాక్టర్ రాసిన ప్లాన్ ఆసుపత్రివాళ్లే ఆన్‌లైన్‌లో పెడతారు. అనుమతి వచ్చిందో లేదో ఆరోగ్యమిత్రను అడుగుతూ ఉండండి. మీకు రాసిన మందు పథకంలో ఉందో లేదో కూడా ముందే కనుక్కోండి. రిపోర్టుల జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో ఉంచుకోండి. ఇంకో డాక్టర్‌కు చూపించాలనుకుంటే బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు) ల్యాబ్‌లో అడిగి తీసుకోవచ్చు.

రేషన్ కార్డు లేకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. నిమ్స్ లాంటి చోట చికిత్సకు ముందే ఖర్చు అంచనా రాయించుకుని, ఎమ్మెల్యే సిఫార్సుతో ఎల్‌ఓసీకి (ఖర్చు ప్రభుత్వం చెల్లిస్తుందని ఆసుపత్రికి ఇచ్చే హామీ లేఖకు) పెట్టుకోవాలి. చికిత్స అయిపోయాక పెట్టుకునేవాళ్లకు ఒరిజినల్ బిల్లులు కావాలి. దూరం నుంచి రైల్లో వచ్చేవాళ్లు రాయితీ ఫారం మీద ఆసుపత్రి డాక్టర్ సంతకం, ముద్ర వేయించుకుంటే పేషెంటుతో పాటు తోడు వచ్చే ఒకరికీ టికెట్ తగ్గుతుంది.