చాప కింద నీరు: వానాకాలంలో ఆర్టిఫీషియల్ గ్రాస్ చిత్తడిగా ఎందుకుంటుంది, ఏం చెయ్యాలి

వాన వెలిసి రెండు రోజులైనా గ్రాస్ మీద కాలు పెడితే చిత్తడిగా ఉంటే, ముందు గ్రాస్‌ని తిట్టుకోకండి, ఒక మూల ఎత్తి చూడండి. పైన నీళ్లుండి కింద పొడిగా ఉంటే ఒక రోగం, కింద బురదగా ఉంటే వేరే రోగం, మందు కూడా వేరు.

విశాఖలో మా ఇంటి వెనక జాగా 300 చదరపు అడుగులు. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే (అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు మన కోస్తాకి ఇదేం పెద్ద లెక్క కాదు) దాదాపు 1,400 లీటర్ల నీళ్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండి ఇంకా పొర్లిపోతుంది. ఇవన్నీ ఎటు పోవాలో గ్రాస్ వేసేవాళ్లు అడగరు, అడుగు రేటు చెప్పి రోల్ పరిచి వెళ్లిపోతారు.

పైన నీళ్లు, కింద పొడి

రోల్ వెనక్కి తిప్పితే వరసగా చిల్లులు కనిపిస్తాయి, మామూలుగా జానెడు లోపే ఒక్కోటి. అవి మట్టితోనో, ఆకుల పొడితోనో పూడుకుపోయి ఉంటాయి, లేదా జాయింట్ల దగ్గర జిగురు కారి మూసుకుపోయి ఉంటాయి. మరీ చవక రోల్స్‌లో చిల్లులే సరిగ్గా పొడవరు. ముందు గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది పైపుతో నీళ్లు కొట్టండి. అప్పటికీ దిగకపోతే వెనకనుంచి, కుట్టు వరసల మధ్యలో, 6 ఎంఎం డ్రిల్‌తో చిల్లులు వెయ్యండి. కుట్టు మీద వేస్తే గడ్డి ఊడొచ్చేస్తుంది. గడ్డిలో చల్లే ఇసుక కడిగి ఆరబెట్టిన సిలికా ఇసుక అయ్యుండాలి, చదరపు అడుగుకి అర కిలో నుంచి కిలో. బీచ్ ఇసుక ఫ్రీగా వస్తుంది కదా అని తెచ్చి పోస్తే, ఉప్పు చెమ్మని లాగుతుంది, సన్న ఇసుక చిల్లుల్లో కూరుకుపోతుంది.

కింద బురద, అడుగేస్తే జాయింట్లలోంచి నీళ్లు ఊరడం

ఇది నేను చేతులారా తెచ్చుకున్న రోగం. విదేశీ వీడియో ఒకటి చూసి, గ్రాస్ కింద గ్రావెల్ పొయ్యాలట అని ట్రాక్టరు అతనికి ఫోన్ చేసి గ్రావెల్ తోలమన్నాను. వాళ్ల గ్రావెల్ అంటే రాళ్లు. మన దగ్గర గ్రావెల్ అంటే ప్లాట్లు మెరక చెయ్యడానికి తోలే ఎర్రమట్టి! అడిగిందే తోలాడు, అతని తప్పేం లేదు. దిమ్మిస కొట్టించాక రోడ్డులా గట్టిపడింది, చూడ్డానికి బ్రహ్మాండం, మొదటి ముసురు పట్టేసరికి తెలిసింది అందులోంచి చుక్క నీరు దిగదని. దానికి తోడు కలుపు రాకూడదని కింద నల్ల పాలిథిన్ షీట్ కూడా వేశాను. అంటే నేను కట్టింది లాన్ కాదు, గడ్డి కప్పిన తొట్టి.

దీనికి పై పై రిపేర్లు లేవు, ఎత్తాల్సిందే. ఆరంగుళాలు తవ్వండి. అక్కడే అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి చూడండి, గంటా రెండు గంటల్లో ఇంకిపోతే అదృష్టవంతులు, మర్నాటికి కూడా అలాగే ఉంటే పైపు తప్పదు. 4 అంగుళాల పీవీసీ పైపుకి చిల్లులు వేసి, చిల్లులు కిందికి ఉండేలా పెట్టి, జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టి (నేత లేని, ఉన్ని కంబళిలా ఉండే రకం), 10 అడుగులకి అంగుళంన్నర వాటంతో (అంటే వాలుతో) ఇంకుడు గుంతలోకో వాన నీటి కాలవలోకో కలపండి. గుంటూరు, కృష్ణా వైపు నల్లరేగడి నేలైతే ఇంకుడు గుంతని నమ్ముకోవద్దు, అది తడిస్తే ఉబ్బుతుంది, నీళ్లు ఇంకనివ్వదు, పైపుని బయటికే తియ్యాలి.

మట్టి మీద అదే గుడ్డ పరిచి, పైన 20 ఎంఎం కంకర నాలుగంగుళాలు, దాని మీద 6 ఎంఎం చిప్స్ ఒక అంగుళం వేసి, పొరపొరకీ కంపాక్టర్ తిప్పించాలి. ఇక్కడ మేస్త్రీ అడ్డుపడతాడు, చిప్స్ బదులు డస్ట్ (క్రషర్‌లో వచ్చే రాతిపొడి) వేద్దామండీ, లెవెల్ నున్నగా వస్తుంది అని. వస్తుంది, కాదనను. కానీ ఆ డస్ట్‌లో మరీ మెత్తటి పొడి ఎక్కువుంటే తడిసి ఆరి తడిసి ఆరి పెంకులా కట్టేస్తుంది, మళ్లీ మొదటికే వస్తారు.

ఒక్కచోటే మడుగు

వాటం లేదు, లేదా అక్కడ నేల దిగింది. 10 అడుగులకి అంగుళంన్నర నుంచి రెండంగుళాల వాటం ఉండాలి, రసమట్టం పెట్టి చూసుకోండి. ఆ భాగం మట్టుకు ఎత్తి చిప్స్ పోసి దిమ్మిస కొడితే చాలు.

డాబా మీద గ్రాస్, కింద గదిలో చెమ్మ మరకలు

గ్రాస్ స్లాబ్‌కి అంటుకుని ఉంటే ఆకులూ మట్టీ దాని కింద చేరి తూము దగ్గర అడ్డం పడతాయి, నీళ్లు నిలిచి స్లాబ్‌లోకి దిగుతాయి. గ్రాస్ తీసేసి, తూము మూసి 48 గంటలు నీళ్లు నిలగట్టండి. కింద చెమ్మ వస్తే వాటర్‌ప్రూఫింగ్ పని ముందు. ఆ తర్వాత గ్రాస్ కింద డ్రెయిన్ సెల్ పలకలు (బోలుగా ఉండే ప్లాస్టిక్ పలకలు) వేసుకోండి, 20 నుంచి 30 ఎంఎం ఎత్తుండేవి, నీళ్లు వాటి కిందనుంచి పారిపోతాయి. తూము మీద మాత్రం గ్రాస్ అతికించొద్దు, అడుగు చదరం ముక్క విడిగా కోసి పెట్టుకుంటే ఎప్పుడైనా ఎత్తి శుభ్రం చేసుకోవచ్చు.

చెప్పడం మరిచాను, దోమలు. ఫ్రైడే డ్రైడే అని వచ్చేవాళ్లు కూలర్లు చూస్తారు, కుండీల కింద పళ్లేలు చూస్తారు, గ్రాస్ కింద ఎవరూ చూడరు. డెంగీ దోమకి గుడ్డునుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు చాలు.

జాయింట్లు లేవడం

తెల్ల జిగురుతో అతికించి ఉంటారు, తడికి అది మెత్తబడుతుంది. సీమ్ టేప్ (జాయింటు కింద వేసే పట్టీ), రెండు డబ్బాలు కలిపే పీయూ (పాలీయురెథేన్) జిగురు వాడించండి, అదీ నేల పూర్తిగా ఆరిన రోజున. తడి మీద పూస్తే నురగలా ఉబ్బి పట్టు ఉండదు. కొత్తగా కొనేవాళ్లు రోల్ వెనక కోటింగ్ కూడా లేటెక్స్ (రబ్బరు లాంటిది) కాకుండా పీయూది అడగండి, రేటు ఎక్కువే, కానీ ఎప్పుడూ తడిగా ఉండేచోట అదే నిలుస్తుంది.

ముక్కిపోయిన వాసన, పాచి

ఎండ తగలని చోట వస్తుంది. బ్రష్ కొట్టి, వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి చల్లి, అరగంటాగి కడిగెయ్యండి. కుక్క ఉన్న ఇంట్లో అయితే ఇసుక బదులు జియోలైట్ (వాసన పీల్చే ఒక రకం ఖనిజం) వేస్తే వాసన కొంత తగ్గుతుంది. కానీ చెట్టు నీడలో ఎంత కడిగినా పాచి మళ్లీ వస్తుంది. మా మామిడి చెట్టు కింద రెండేళ్లు కడిగీ కడిగీ విసుగొచ్చి, ఆ ముక్క కోసేసి గులకరాళ్లు పోయించాం.