చచ్చిన కెమెరా కనిపించినా కొనండి

పాత ఫిల్మ్ కెమెరాలకు కొత్త విడిభాగాలు వస్తాయని ఎదురుచూడకండి. ఎంతో కాలం అమ్ముడుపోయిన పెంటాక్స్ కె1000 తయారీ కూడా 1997లోనే ఆగిపోయింది. ఇక విడిభాగం కావాలంటే అదే మోడల్‌లో చచ్చిన కెమెరా వెతుక్కోవాలి. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, మూతపడిన ఫోటో స్టూడియో అటక మీదో కనిపిస్తే షట్టర్ పట్టేసిందని వదిలేయకండి, బేరమాడి తీసుకోండి. బ్యాటరీ మూత, రివైండ్ పిడి, స్క్రూలు ఏనాటికైనా అక్కరకొస్తాయి. లెన్సులో బూజు ఉంటే మాత్రం దాన్ని మంచి లెన్సుల పక్కన పెట్టకండి.

ఫోటోల అంచున ఎర్రటి, నారింజ రంగు చారలు వస్తున్నాయా? చాలామంది ల్యాబ్‌ను తిడతారు. నేనైతే ముందు వెనక తలుపు తీసి, గాడుల్లో వెలుతురు లోపలికి దూరకుండా ఆపే నల్ల స్పాంజిని వేలితో నొక్కి చూస్తాను. దశాబ్దాలు గడిస్తే అది తారులా కరిగి అంటుకుంటుంది. పుల్ల చివర చెక్కి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి గీకండి. ఇనుప పనిముట్లు వద్దు, లోపలి నల్ల రంగు లేచిపోతుంది. తెరిచిన వెనకభాగం నేలవైపు ఉండేలా పట్టుకుంటే ముక్కలు షట్టర్ తెర మీద పడవు. సన్నటి గాడుల్లో నల్ల ఊలు దారం నొక్కి, చివర్లలో మాత్రం చుక్క జిగురు పెట్టండి. తలుపు కీలు వైపు నల్ల వెల్వెట్ పట్టీ అంటించాలి. మ్యాచింగ్ సెంటర్‌లో ఒక ముక్క కొంటే చాలా కెమెరాలకు సరిపోతుంది. మందం ఎక్కువైతే తలుపు మూసుకోదు. లెన్సు వెనక ఉండే అద్దాన్ని (మిర్రర్) ముట్టుకోకండి, దాని పూత పైవైపే ఉంటుంది.

కె1000కు బ్యాటరీ లేకున్నా షట్టర్ పనిచేస్తుంది. వెలుతురు కొలిచే మీటరుకు ఒక ఎల్‌ఆర్44 బటన్ బ్యాటరీ చాలు. మీటరుకు స్విచ్ లేదు కాబట్టి లెన్సు మూత పెట్టి ఉంచాలి. కానోనెట్ క్యూఎల్17 వంటి పాత కెమెరాలు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి చేసినవి. అందులో 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటరు తప్పు చెబుతుంది. వినికిడి యంత్రాల్లో వాడే 675 బ్యాటరీకి రబ్బరు రింగు తొడిగి పెట్టండి. కొన్ని వారాలకే అయిపోతుంది, కానీ లెక్క సరిగ్గా వస్తుంది. బ్యాటరీ గదిలో పచ్చటి చిలుము ఉంటే దూదిపుల్లను వెనిగర్‌లో తడిపి తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో శుభ్రం చేయాలి.

జపాన్ కెమెరాల స్క్రూలకు మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చోదు, తలలు అరిగిపోతాయి. జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం అని అడిగి కొనండి.

షట్టర్ నెమ్మదించిందని కుట్టుమిషను నూనె పోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నూనె పాకితే రెక్కలు అతుక్కుపోతాయి, అప్పుడు మెకానిక్‌కు పని రెట్టింపు. ఫ్లాష్ లోపలే ఉన్న చిన్న కెమెరాలను అసలు విప్పకండి. బ్యాటరీ తీసేసినా వాటి కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు.