ఎంటెక్ థీసిస్ పాఠాలు – 4: లేత్ ఆన్ చేయకముందే ఎల్9 లెక్క

గత భాగంలో సమస్యను ఒక్క వాక్యానికి కుదించాం: ఈఎన్8 అనే మధ్యస్థ కార్బన్ ఉక్కును లేత్ మీద టర్నింగ్ చేసేటప్పుడు స్పీడు, ఫీడు (జాబ్ ఒక్క చుట్టు తిరిగేలోగా టూల్ జరిగే దూరం, మి.మీ.లలో), డెప్త్ ఆఫ్ కట్ (కోత లోతు) వల్ల సర్ఫేస్ రఫ్‌నెస్ (ఉపరితల గరుకుదనం) ఎంత మారుతుంది? ఇప్పుడు ప్రయోగాల పట్టిక వేద్దాం. వైవాలో ఎక్కువమంది నీళ్లు నమిలేది ఈ పట్టిక దగ్గరే.

తొమ్మిది కోతలతో పని తేలిపోతుందని అందరూ టాగూచి ఎల్9 వైపే, అంటే తొమ్మిది ప్రయోగాల రెడీమేడ్ పట్టిక వైపే చూస్తారు. తొమ్మిది రీడింగులకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వతంత్రంగా మారగల విలువల సంఖ్య) 8. మూడు లెవెల్స్ (మూడు విలువలు) ఉన్న ప్రతి ఫ్యాక్టర్‌కూ, అంటే మనం మార్చి చూసే స్పీడు లాంటి ప్రతి అంశానికీ, 2 పోతాయి. నోస్ రేడియస్‌ను (టూల్ మొన గుండ్రదనాన్ని) కూడా నాలుగో ఫ్యాక్టర్‌గా చేర్చారా, ఎనిమిదీ అయిపోయినట్టే. ఎర్రర్‌కు (ఏ ఫ్యాక్టర్‌కూ చెందని మార్పుకు) ఏమీ మిగలదు. దాంతో అనోవాలో, అంటే ఏ ఫ్యాక్టర్ ప్రభావం ఎంతో తేల్చే లెక్కలో, ఫ్యాక్టర్ ప్రభావాన్ని ఎర్రర్‌తో పోల్చే ఎఫ్ విలువే రాదు. మూడింటితో ఆపితే ఎర్రర్‌కు 2 మిగులుతాయి గానీ, ప్రభావం నిజమేనని 5 శాతం స్థాయిలో చెప్పాలంటే ఎఫ్ 19 దాటాలి. అదే పట్టికను రెండుసార్లు కోస్తే రీడింగులు 18, ఎర్రర్‌కు 11, అప్పుడు 3.98 దాటితే చాలు. ఇంకో తొమ్మిది ముక్కల ఖర్చుకు వెనకాడకండి.

రెండుసార్లు అంటే ఒకే జాబ్ (కోసిన ముక్క) మీద మూడుచోట్ల రఫ్‌నెస్ మీటర్ ప్రోబ్ పెట్టి కొలవడం కాదు. ఆ మూడింటి సగటు ఒక్క రీడింగే. కొత్త ముక్క బిగించి, స్పీడు, ఫీడు మళ్లీ సెట్ చేసి, కొత్త అంచుతో కోయాలి. టీఎన్‌ఎంజీ రకం ఇన్సర్ట్‌కు (టూల్‌కు బిగించి, అంచు అరిగితే తిప్పి వాడే త్రికోణపు బిళ్లకు) రెండువైపులా కలిపి 6 అంచులు. 18 కోతలకు సరిగ్గా 3 ఇన్సర్టులు.

అంచు మార్చకుండా 1 నుంచి 9 దాకా వరుసగా కోస్తే ఏమవుతుందో చూడండి. ఎల్9 మొదటి కాలమ్ 1,1,1,2,2,2,3,3,3. అందులో స్పీడు పెడితే, స్పీడు పెరిగే కొద్దీ అంచూ అరుగుతూ వస్తుంది. రఫ్‌నెస్ మార్పు దేనివల్లో తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. అందుకే కోతల వరుస చీటీలు తీసి నిర్ణయించండి.

వ్యాసం మరో చిక్కు. 40 మి.మీ. జాబ్ 800 ఆర్‌పీఎం మీద నిమిషానికి 100.5 మీటర్ల వేగంతో తిరుగుతుంది. 1 మి.మీ. చొప్పున రెండు పాస్‌లు తీశాక వ్యాసం 36, వేగం 90.5. గేరు మారలేదు, లెవెల్ మాత్రం మారిపోయింది. కొంచెం లావు బార్ తెచ్చి, వేరే ఇన్సర్ట్‌తో పైపొర తీసి, ముక్కలన్నిటినీ 40కి తెచ్చుకున్నాకే అసలు కోత మొదలుపెట్టండి.

రావాల్సిన విలువ ముందే లెక్కగట్టండి. ఫీడు వర్గాన్ని 32 రెట్ల నోస్ రేడియస్‌తో భాగిస్తే ఆర్ఏ (సగటు రఫ్‌నెస్). రేడియస్ 0.8 మి.మీ. అయితే 0.1 ఫీడుకు 0.39 మైక్రాన్లు, 0.2కు 1.56. కొలత కాస్త ఎక్కువ రావడం మామూలే. చిన్న ఫీడు దగ్గర బిల్టప్ ఎడ్జ్ (టూల్ అంచుకు అతుక్కునే లోహం) వల్ల, వణుకు వల్ల తేడా ఇంకా పెరుగుతుంది. 0.2 ఫీడుకు 1 మైక్రాన్ దగ్గర చూపిస్తే మాత్రం అనుమానించండి. మీటర్‌లో కటాఫ్ (పెద్ద అలలను వడకట్టే పొడవు) 0.8 మి.మీ.కి బదులు 0.25లో ఉందేమో, ప్రోబ్ జాబ్ పొడవునా కాక అడ్డంగా నడిచిందేమో చూడండి.

వచ్చే భాగంలో అనోవా చేతితో వేస్తాం. ఈలోగా మీ 18 కోతల వరుసను, ఒక్కోదానికి వాడబోయే ఇన్సర్ట్ అంచు నంబరుతో సహా, నోట్‌బుక్‌లో రాసి గైడ్ చేత సంతకం చేయించుకోండి.