జనవరి 1న వేసుకున్న డబ్బు లెక్క సంక్రాంతికే ఎందుకు తప్పుతోంది? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సమస్య: "నెలకి ఇంత దాస్తా" అని మొదలుపెట్టిన నెలలోనే ఆగిపోతోంది

చాలామంది ఇది తమకు క్రమశిక్షణ లేకపోవడం వల్లే అనుకుని బాధపడతారు. కానీ అసలు కారణం చాలావరకు క్యాలెండర్‌లో ఉంటుంది. 1వ తేదీన లెక్క వేసుకుంటాం, రెండు వారాలకే సంక్రాంతి. ఊరికి టికెట్లు, బట్టలు, అల్లుడు వస్తే ఆ ఖర్చు వేరే. అది దాటాక, పాత పన్ను విధానంలో ఉండి, పన్ను తగ్గించే పొదుపులు, ఖర్చుల ప్రూఫులు ఆఫీసులో ఇవ్వనివాళ్ళకి మార్చి దాకా జీతంలో పన్ను ఎక్కువ కోస్తారు. మాఘం నుంచి పెళ్లిళ్లు, జూన్‌లో స్కూల్ ఫీజు, తర్వాత దసరా. వీటిలో ఒక్కటీ అనుకోని ఖర్చు కాదు, ఏటా వచ్చేవే, మనమే నెల లెక్కలో రాయలేదు.

పరిష్కారం ఒక కాగితం మీద అయిపోతుంది. పోయిన ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి, ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చే ఖర్చులన్నీ రాయండి. ఉదాహరణకి సంక్రాంతికి 15,000, ఫీజుకి 60,000, ఇన్సూరెన్స్‌కి 18,000, దసరాకి 12,000, పెళ్లిళ్లలో చదివింపులకి 15,000 అనుకుందాం. మొత్తం 1,20,000, అంటే నెలకి 10,000. ఈ 10,000 పొదుపు కాదు, ముందే ఖర్చయిపోయిన డబ్బు. దీన్ని తీసేశాక మిగిలిందాంట్లోంచే మీ లక్ష్యం పెట్టుకోవాలి. ఆ అంకె చిన్నదిగా కనిపిస్తే నిరుత్సాహపడకండి, నిజంగా మీ చేతిలో ఉన్నది అంతే, ఇన్నాళ్లూ అంతకంటే ఎక్కువ ఉందనుకోవడం వల్లే లెక్క తప్పింది.

మొదటి ఏడాది ఒక చిక్కు ఉంది. ఈ సంక్రాంతికి ఎలాగూ జీతంలోంచే పెట్టాలి, ఫీజు వచ్చే జూన్‌ నాటికి మీ దగ్గర ఐదు నెలల డబ్బు, అంటే 50,000 కంటే ఎక్కువ ఉండదు. టర్ములుగా కట్టే వీలుందేమో స్కూల్లో ఇప్పుడే అడగండి.

సమస్య: దాస్తున్నాం, అయినా చేతిలో ఏమీ పెరగడం లేదు

కారణం అప్పు. ఒకపక్క ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) కడుతూ ఇంకోపక్క క్రెడిట్ కార్డుకి మినిమమ్ మాత్రమే కట్టేవాళ్ళని నేను చాలామందిని చూశాను. కార్డు వడ్డీని శాతాల్లో చూస్తే మనకి అంతగా తగలదు, మన భాషలోకి మార్చుకోండి. నెలకి 3.5 శాతం అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ వడ్డీకి అప్పిస్తానంటే గుమ్మం కూడా తొక్కం కదా! 50,000 బాకీ మీద నెలకి 1,750 వడ్డీ, దానిమీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అదే 50,000 ఏడు శాతానికి ఫిక్స్‌డ్‌లో వేస్తే ఏడాది మొత్తానికి వచ్చేది 3,500. పైగా బాకీ పూర్తిగా తీర్చకపోతే కొత్తగా గీకినదానికి కూడా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది.

కాబట్టి అప్పులన్నీ రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటూ వరసగా రాసి, అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీర్చండి. ఒక నెల ఇంటి ఖర్చుకి సరిపడా మాత్రం పక్కన ఉంచుకోండి, లేకపోతే ఏ జ్వరం వచ్చినా మళ్లీ కార్డే దిక్కవుతుంది.

సమస్య: దాచిన డబ్బు నెలాఖరుకి కరిగిపోతోంది

జీతం పడే ఖాతాలోనే ఉంచితే, ఫోన్‌పే, గూగుల్ పే దానికే కలిపి ఉంటే, కరగక ఏమవుతుంది? యూపీఐకి కలపని ఇంకో ఖాతా పెట్టి, జీతం పడిన మర్నాడు దానికి డబ్బు వెళ్లేలా బ్యాంకులో ఆటోమేటిక్‌గా పెట్టేయండి. ఎస్‌ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లోకి వెళ్లే డబ్బు) తేదీ కూడా చూసుకోండి. జీతం 7న వచ్చేవాళ్ళు 5వ తేదీ పెట్టుకుంటే డెబిట్ బౌన్స్ అయి, బ్యాంకు ఛార్జీలు పడతాయి.

సమస్య: అవసరానికి డబ్బు చేతికి రావడం లేదు

లక్ష్యానికీ, డబ్బు పెట్టిన చోటుకీ పొంతన లేకపోవడమే కారణం. రెండేళ్లలో బండి కొనాలనుకుని పీపీఎఫ్‌లో (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం) వేస్తే అది 15 ఏళ్ల ఖాతా. రిటైర్మెంట్‌కైతే మంచిదే (నెలలో 5వ తేదీలోపు వేయండి, 5 నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస బ్యాలెన్స్ మీదే ఆ నెల వడ్డీ లెక్కిస్తారు). ఏడాది రెండేళ్లలో కావాల్సిన డబ్బుకి ఆర్‌డీ చాలు.

చిట్టీ సంగతి కొంచెం గట్టిగానే చెప్తాను. తొందరపడి ముందే పాడుకుంటే పాటలో పోయేది ఎక్కువ, దానికి తోడు నిర్వాహకుడి కమిషన్, 2019 సవరణ ప్రకారం అది 7 శాతం దాకా ఉండొచ్చు. అయినా రిజిస్టరైన చిట్టీకి 1982 చట్టం ఉంది, అడగడానికి రిజిస్ట్రార్ ఉన్నాడు. తెలిసినవాళ్ళు కదా అని వేసే చీటీకి అవేవీ లేవు. మా ఇంట్లో అలాంటిదే ఒకటి సగంలో ఆగిపోయింది. మా అమ్మ రెండేళ్లు కట్టిన డబ్బుకి మిగిలింది ఒక చిన్న పుస్తకం. దయచేసి పిల్లల ఫీజు డబ్బు మాత్రం అందులో పెట్టకండి.

సమస్య: లెక్క ఇంట్లో ఒక్కరికే తెలుసు

ఒకరు దాస్తుంటే ఇంకొకరు ఈఎమ్ఐలో టీవీ తెస్తారు, తప్పు ఎవరిదీ కాదు, తెలియకపోవడమే కారణం. నెలకోసారి ఇద్దరూ కూర్చుని ఆ కాగితం చూడండి, పది నిమిషాలు చాలు.

సమస్య: ఒక నెల తప్పింది, ఇక మొత్తం వదిలేశాం

మార్చిలో 5,000 వేయలేకపోతే ఏప్రిల్‌లో 10,000 వేయాలని చూస్తాం. అదీ కుదరదు, మేలో 15,000 అవుతుంది, అక్కడితో మానేస్తాం. బాకీ పోగు చేసుకోకండి. ఏప్రిల్‌లో మామూలు 5,000 వేసి, కాగితం మీద లక్ష్యం పూర్తయ్యే నెల డిసెంబర్ అని ఉంటే, అది కొట్టేసి జనవరి అని రాయండి.